మస్తానన్న కుట్టిన వంకర కాజా

నిన్న పొద్దున షాప్ షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. మస్తానన్న కూతురు రేష్మా.

"చిచ్చా, అబ్బా లేయలేదు. డాక్టరు వచ్చి చూసి అయిపోయిందన్నాడు."

ఎవరి అబ్బా అని అడిగాను. అంత బుద్ధిలేని ప్రశ్న నేనెప్పుడూ అడగలేదు.

షట్టర్ సగంలోనే వదిలేసి పరుగెత్తాను. నిన్నంతా అది అలాగే ఉండిపోయింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మైదుకూరులో నా ఎరువుల షాప్‌ను ఆనుకుని ఉన్న టైలర్ షాప్ మస్తానన్నది. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. సగం ఊరి పిల్లల యూనిఫామ్‌లు ఆయన చేతి మీదుగా వెళ్లినవే.

నాకు పానిక్ అటాక్స్ వస్తాయి. ఈ మాట నా సొంత తమ్ముడికి కూడా చెప్పలేదు. ఇక దాచి ఏం చేసుకోవాలి?

మూడేళ్ల కిందట ఎండాకాలంలో మొదటిసారి వచ్చింది. యూరియా బస్తాలు దించుతుంటే గుండె దడదడలాడింది. చేతులు తిమ్మిరెక్కాయి. ఊపిరి అందలేదు. అయిపోయాననుకున్నాను.

కడపకు తీసుకెళ్లారు. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్, అన్నీ నార్మల్. డాక్టర్ ఇది గుండె జబ్బు కాదు, భయం అన్నాడు.

భయం అంటే మనవాళ్లకు జబ్బు కిందికి రాదు కదా. మా పెద్దమ్మ గాలి సోకిందని నిమ్మకాయలు దిగదుడిచింది. బావ ఒకాయన తిన్నది అరక్క వేషాలని నవ్వాడు. నేను మాత్రం వారానికోసారి ఈసీజీకి పోతూనే ఉన్నాను. కౌంటర్ కింద బీపీ మెషిన్ పెట్టుకుని, కస్టమర్ అటు తిరిగితే చాలు చూసుకునేవాణ్ణి.

నవ్వనివాడు మస్తానన్న ఒక్కడే.

ఒకరోజు నేను చెమటలు కక్కుతూ ఆయన షాప్ మెట్ల మీద కూలబడ్డాను. కాసిన్ని నీళ్లు తాగించి, ఒక చొక్కా నా ఒళ్లో వేశాడు. సూదికి దారం ఎక్కించి చేతికిచ్చాడు.

"ఈ కాజా అయ్యేంతవరకు సావాకప్పా. అయినాక సూద్దాం."

గుండీ పట్టే కాజా మెషిన్ మీద కుడితే రెండు ఉతుకులకే ఊడుతుందని ఆయన నమ్మకం. అందుకే కాజాలన్నీ చేత్తోనే కుట్టేవాడు. ఒక్కో పోగూ పక్కపక్కనే పడాలి. సూది మీద నుంచి చూపు తిప్పితే తప్పిపోతుంది. ఆరోజు ఒకటి కుట్టాను. రెండోది కుట్టాను. మూడోదానికి వచ్చేసరికి గుండె సంగతే మరిచిపోయాను.

అప్పటి నుంచి అదే నా మందు. ఎప్పుడు వచ్చినా పోయి చెయ్యి చాపేవాణ్ణి, ఆయన చొక్కా ఇచ్చేవాడు. నేను కుట్టిన వంకర కాజాలన్నీ తర్వాత విప్పి మళ్లీ కుట్టుకునేవాడని నాకు ఏడాదికి గానీ తెలియలేదు. అడిగితే, "అప్రెంటిస్ పని అట్లే ఉంటాది రెడ్డీ" అన్నాడు.

ఇప్పుడు మొన్నటి సంగతి రాయాలి. చేతులు రావడం లేదు.

సాయంత్రం ఐదింటికి ఆయనే నా షాప్‌కు వచ్చాడు. ఛాతీ రుద్దుకుంటున్నాడు. చొక్కా తడిసిపోయింది. ఎడమ దవడ లాగుతోందన్నాడు.

"ఏమప్పా, నీ జబ్బు నాకంటుకున్నట్టుండాది."

నేను నవ్వాను.

అవును, నవ్వాను. పైగా లోపల సంతోషపడ్డాను. మూడేళ్లుగా ఆయన నాకు ధైర్యం చెప్పాడు, ఇన్నాళ్లకు నా వంతు వచ్చిందనుకున్నాను.

ఇది హార్ట్ కాదన్నా, ఇట్లాంటివాటితో వందసార్లు చచ్చి బతికినవాణ్ణి నాకు తెలియదా అన్నాను. చెయ్యి పట్టుకుని ఆయన షాప్‌కే తీసుకెళ్లి కూర్చోబెట్టాను. యూనిఫామ్ చొక్కా ఒకటి ఒళ్లో వేసి, సూదికి దారం ఎక్కించి ఇచ్చాను.

కళ్లు మూసుకుని కూడా కుట్టగలిగే కాజా అది. ఆరోజు సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. నేను పక్కన కూర్చుని, మెల్లగా ఊపిరి పీల్చు, మెల్లగా వదులు అని పాఠం చెబుతున్నాను.

పూర్తి చేసి, దారం పంటితో తెంపి, "తగ్గిందిలే అప్పా" అన్నాడు. షాప్ నన్ను మూయమని, ఇంటికి వెళ్లి పడుకున్నాడు.

నిజంగా తగ్గిందో, నా సంతోషం చూసి అలా అన్నాడో నాకు ఎప్పటికీ తెలియదు.

గుండెపోటే అని డాక్టర్ చెప్పాడు. సాయంత్రమే తెచ్చి ఉంటే అని ఏదో అనబోయి, నా మొహం చూసి ఆపేశాడు. ఆసుపత్రి మా షాప్ నుంచి నాలుగు అడుగులు. నా బండి బయటే ఉంది. తాళాలు నా జేబులోనే ఉన్నాయి.

నీ తప్పు కాదని నా భార్య అంటోంది. రేష్మాకు నేను చేసింది ఇంకా తెలియదు. ఈ పోస్ట్ చదివి తెలుసుకోకూడదని, రాసేముందే పోయి చెప్పి వద్దామనుకున్నాను. వాకిలి దాకా పోయి, ఆ పిల్ల ఏడుపు విని వెనక్కి వచ్చేశాను. ఇది పోస్ట్ చేసేముందు మళ్లీ పోతాను. ఉమ్మేసినా పడతాను.

మీ ఇంట్లో ఎవరైనా ఛాతీ పట్టుకుంటే టెన్షన్ అనో, గ్యాస్ అనో మీరే తేల్చకండి. నాలాంటి తెలిసినవాళ్ల మాట అసలే వినకండి. ముందు ఈసీజీ తీయించండి.

నిన్న ఖబరస్తాన్‌లో మూడు పిడికిళ్ల మట్టి వేసి తిరిగి వస్తుంటే నాకు మళ్లీ మొదలైంది. అలవాటుకొద్దీ కాళ్లు ఆయన షాప్ మెట్ల మీదికే తీసుకుపోయాయి.

తలుపు తీస్తే బల్ల మీద ఆ చొక్కా అలాగే ఉంది. ఆయన జీవితంలో కుట్టిన ఒకే ఒక్క వంకర కాజా దాని మీద ఉంది. దాని కింద ఇంకా నాలుగు కుట్టాలి.

సూది తీసుకున్నాను. దారం ఎక్కించలేకపోయాను.

మస్తానన్నా, నీ కాజా నేను విప్పను. అల్లా నీ ఖబర్‌ను చల్లగా ఉంచాలి. ఇక ఎవరి భయమూ మోయకుండా పడుకో.