వెనక నుంచి ‘ఉన్నా’

పోయిన నెల ఒక పొద్దున్న ఇక్కడ ఉత్తరాదిలో మా వైశాలి సొసైటీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. “ఉన్నా ఆంటీ నహీ రహీ.” రాసింది ఎదురు టవర్లో ఉండే పంజాబీ ఆవిడ. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చి పడుతున్నాయి. స్టవ్ మీద పాలు పొంగి కారిపోతున్నా కట్టేయాలని తోచక, ఆ ఒక్క లైనూ మళ్ళీ మళ్ళీ చదువుతూ నిలబడిపోయాను. ఉన్నా అని పిలుస్తూనే లేరని రాయడం ఏమిటి? ఆ గ్రూపులో తెలుగు తెలిసినవాళ్ళు ఎవరున్నారు గనక, ఆ మాటలోని తిరకాసు తగిలింది నాకొక్కదానికే.

అది ఆవిడ పేరు కాదు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు నా భయం సంగతి చెప్పాలి.

కొన్నాళ్ళ కిందట మెట్రో దిగి ఇంటికి నడిచి వస్తుంటే, వెనక నుంచి బైకు మీద వచ్చినవాడు నా మెడలో గొలుసు తెంపుకుని పోయాడు. పోయిన బంగారం మీద బెంగ కొద్ది రోజులకి తగ్గింది. మెడ మీద పడ్డ గీత మానింది. భయం మాత్రం పోలేదు. రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే ఒకసారి తిరిగి చూడాలి. లిఫ్టులో వీపు గోడకి ఆనించకపోతే ఊపిరాడదు. వంటింట్లో మా ఆయన వెనగ్గా వచ్చి మంచినీళ్ళ గ్లాసు తీసుకున్నా కెవ్వుమనేదాన్ని. పాపం ఆయన, సొంత ఇంట్లో దగ్గుకుంటూ తిరగడం అలవాటు చేసుకున్నారు.

ఆ లిఫ్టులోనే ఆవిడ నన్ను పట్టుకున్నారు. మా కింది ఫ్లోర్లో కూతురి దగ్గర ఉండేవారు. తుని దగ్గర హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. నేను గోడకి అతుక్కుపోయి నిలబడటం గమనించి, నీ వీపుకేమైందమ్మాయ్ అని అడిగారు. చెప్పాను. అయ్యో అనలేదు, తాయెత్తు కట్టించుకోమనీ అనలేదు. తనతో డబుల్స్ ఆడే ఆవిడ పూనా వెళ్ళిపోయిందట, సాయంత్రం బూట్లు వేసుకుని క్లబ్‌హౌస్‌కి రమ్మన్నారు. నేను చిన్నప్పుడు వీధిలో షటిల్ ఆడినదాన్నే తప్ప కోర్టు మొహం ఎరగను. ఆ మాటే చెబితే, “మంచిది, మరిపించే పని తప్పింది” అన్నారు.

మా క్లబ్‌హౌస్ హాలు మీరు చూడాలి. ఒక పక్క కోర్టు గీత దాటగానే బేస్‌మెంట్ పార్కింగ్‌లోకి దిగే తలుపు. దాని గడియ సరిగ్గా పడదు. కింద ఏ కారు కదిలినా ఆ గాలికి కిర్రుమని తెరుచుకుంటుంది. నన్ను ముందు నిలబెట్టి ఆవిడ వెనక నిలబడ్డారు. తలుపు కిర్రుమంది. తిరిగి చూశాను. షటిల్ కాక్ వచ్చి చెవి మీద తగిలింది. ఆ సాయంత్రమంతా అదే తంతు. చెవి ఎర్రగా కందిపోయి ఇంటికి వెళితే మా ఆయన ఎవరితో గొడవపడ్డావని అడిగారు.

“వెనక్కి చూడకు. కంట్లో తగిలితే చూపు పోతుంది” అన్నారు టీచరుగారు మర్నాడు. మీరేం చేస్తున్నారో నాకెలా తెలుస్తుందండీ అన్నాను. “ఎదుటివాళ్ళని చూడు. వాళ్ళు వంగి బ్యాటు కిందికి దించారంటే నేను గట్టిగా కొట్టబోతున్నానని. నెట్ దగ్గరికి ఉరుకుతున్నారంటే మెల్లిగా వేశానని. నీ వెనక ఏం జరుగుతోందో వాళ్ళ ఒళ్ళే చెబుతుంది.” వినడానికి బాగానే ఉంది. కానీ నా మెడ నా మాట వింటేగా.

ఒక ఆదివారం నన్ను వాళ్ళింటికి పిలిచి పోపులపెట్టె ముందు పెట్టారు. ఆవాల గిన్నె నేనట, జీలకర్ర ఆవిడట. మెంతులూ మినప్పప్పూ అవతలి జట్టు. మనం కాక్‌ని పైకి లేపామంటే వాళ్ళు కొడతారు కాబట్టి ఇద్దరం పక్కపక్కకి రావాలి. వాళ్ళు లేపారంటే కొట్టేది మనం కాబట్టి ఒకరు వెనక, ఒకరు ముందు. నువ్వు కాక్ కోసం వెనక్కి వెళితే నేను నీ చోటికి వస్తాను, నేను పక్కకి పోతే నువ్వు నా చోటు నింపాలి. గిన్నెలు జరుపుతూ గంటసేపు చెప్పారు. జీలకర్రలో ఆవాలు కలిసిపోయాయని వాళ్ళమ్మాయి విసుక్కుంటే, “ఆటలో కలిసిపోవాల్సిందేనే” అని నవ్వారు.

అవీ ఇవీ అర్థమయ్యాయి గానీ ఇంకో చిక్కు వచ్చింది. కాక్ ఇద్దరి మధ్యన పడితే నేను “మీరు తీసుకోండి టీచరుగారూ” అనేదాన్ని. ఆ మాట పూర్తయ్యేసరికి కాక్ నేల మీద ఉండేది. గారు అనేలోపు పాయింటు పోతోంది, కోర్టులో నన్ను నువ్వనే పిలువు అన్నారు. నా వల్ల కాలేదు. మా అమ్మకంటే పెద్దావిడని నువ్వు అంటే నోరు తిరగద్దూ? ‘మీది’ అన్నా ‘గారు’ తోకలా దాని వెనకే వచ్చేసేది. అవతలి పక్క పంజాబీ ఆవిడా వాళ్ళాయనా పొట్ట పట్టుకుని నవ్వేవారు.

అప్పుడు ఆవిడ ఆ ఉపాయం కనిపెట్టారు. ఎవరూ ఎవరినీ పిలవద్దు. కాక్‌కి వెళ్ళేవాళ్ళు ‘ఉన్నా’ అనాలి. వెనక కాచుకున్నవాళ్ళు ఆటంతా ‘ఉన్నా’ అంటూ ఉండాలి.

“నా గురించి నేను చెప్పుకోడానికి గారూ గీరూ అక్కర్లేదు కదమ్మా” అన్నారు.

చిత్రం ఏమిటంటే, ఆ మాట వినపడటం మొదలయ్యాక నా మెడ తిరగడం మానేసింది. తలుపు కిర్రుమనేది, వెంటనే ఉన్నా అని వినపడేది. కాక్ నా తల మీదుగా పోయేది, ఉన్నా. ఆవిడ కొట్టేవారు, మళ్ళీ ఉన్నా. హాలంతా ఆ ఒక్క మాటే మోగేది. బయట ఆడుకునే పిల్లలు అది ఆవిడ పేరనుకున్నారు. వాళ్ళ నోట ఉన్నా ఆంటీ అయ్యారు, తరవాత వాచ్‌మన్ నోట, తరవాత కూరల బండి భయ్యా నోట. ఆవిడ ఎవరినీ దిద్దలేదు. “బాగానే ఉందిగా, పిలిచినప్పుడల్లా ఉన్నానని వాళ్ళే చెబుతున్నారు” అనేవారు.

నాకు ఇంకో అనుమానం పట్టుకుంది. భయస్తులకి అనుమానాలకేం కరువు. ఒకవేళ ఆ మాట వినపడకపోతేనో అని అడిగాను. “వినపడలేదంటే ఆ చోటు ఖాళీగా ఉందని. నేను పక్కకి పోయుంటాను. అప్పుడు నువ్వు వెనక్కి వెళ్ళాలి. చూడకుండా వెళ్ళాలి” అన్నారు. అది ఎన్నిసార్లు నేర్పినా నేను నేర్చుకోలేదు. ఎలాగోలా ముందే ఉండిపోయేదాన్ని. ఆవిడే నాలుగు మూలలా పరిగెత్తేవారు, ఆయాసపడుతూ ఉన్నా ఉన్నా అంటూ.

ఆవిడకి కొన్ని పిచ్చి అలవాట్లుండేవి. ఇక్కడి చలికి ఈకలు పెళుసెక్కి కాక్‌లు విరిగిపోతాయని, పొద్దున్న ఇడ్లీపాత్ర మూత తీసి ఆ ఆవిరికి కాక్‌ల డబ్బా పట్టేవారు. మా కాక్‌లు ఇడ్లీ వాసన వేసేవి. దవడన శొంఠిముక్క లేకుండా కోర్టులోకి దిగేవారు కాదు. పాయింటు పోతే తిట్టేవారు కాదు గానీ నా పక్కకి వచ్చి బ్యాటుతో నా బ్యాటుని చిన్నగా తట్టి వెళ్ళేవారు. గెలిచినా అంతే.

ఒక జనవరి పొద్దున్న మంచు దట్టంగా పట్టింది. ఆఫీసుకి వెళ్ళాలి, గేటు అవతల తెల్లగా గోడ కట్టినట్టుంది. నాకు కాళ్ళాడలేదు. పాలు తేవడానికి వచ్చిన టీచరుగారు నన్ను చూసి, నడు అన్నారు. పక్కన రండి టీచరుగారూ అంటే వినలేదు. నా వెనకే నడిచారు. మెట్రో దాకా ఉండుండి ఆ మాట వినపడుతూనే ఉంది. ఎదురొచ్చే రిక్షావాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు. నేను ఒక్కసారి కూడా తిరగలేదు. మెట్లెక్కే ముందు మాత్రం ఆగి, ఎన్నాళ్ళనుంచో మనసులో ఉన్నది అడిగేశాను. నా వెనక మీరున్నారు, మీ వెనక ఎవరూ లేరే, ఆ తలుపు దగ్గర మీకు భయం వేయదా?

“ఎందుకు వెయ్యదే?” అన్నారు. “వేస్తుంది కాబట్టే అంత గట్టిగా అరుస్తాను.”

నవ్వుతూ పాల ప్యాకెట్లు ఊపుకుంటూ మంచులోకి వెళ్ళిపోయారు.

ఆవిడ పోయింది ఒక మామూలు పొద్దున్న. బూట్ల లేసు కట్టుకోడానికి మంచం మీద కూర్చున్నారట, అలాగే ఒరిగిపోయారట. కాలేజీకి వెళ్ళే మనవరాలు పక్క గదిలోంచి పిలిచింది. ఆ ఇంట్లో ఎవరు ఎక్కణ్ణుంచి పిలిచినా ఆవిడ ఉన్నా అనే పలికేవారు. ఆ రోజు పలకలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

దినాలయ్యాక నా భయం తిరిగొచ్చేసింది. మొత్తంగా వచ్చింది, వడ్డీ కూడా కలుపుకుని. మళ్ళీ లిఫ్టులో గోడ, మళ్ళీ రోడ్డు మీద మెడ తిప్పడాలు. మా ఆయన మళ్ళీ దగ్గడం మొదలుపెట్టారు. క్లబ్‌హౌస్ వైపు వెళ్ళలేదు. ఆ హాల్లో నిలబడితే వెనక నిశ్శబ్దం వినపడుతుందని భయం. ఇలాగే ఉంటే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటానని, జన్మలో ఇక బయటికి రానని నాకు తెలుస్తూనే ఉంది.

మొన్న శనివారం బెల్లు మోగింది. మనవరాలు. చేతిలో అమ్మమ్మ బ్యాటు. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే వస్తుంది.

“ఆంటీ, ఖేలేంగే? మైఁ ఆగే రహూఁగీ. పీఛే నహీ.”

ఆడదాం గానీ తను ముందే ఉంటుందట, వెనక ఉండదట. ఎందుకమ్మా అన్నాను. తల దించుకుని, ఆ రోజు చాలాసేపు పిలిచానని, అప్పట్నుంచీ వెనక చప్పుడు లేకపోతే భయమేస్తోందని హిందీలో మెల్లిగా చెప్పింది. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి మెట్ల వైపు తిరిగి చూసింది. అచ్చం నాలాగే. బూట్లు వేసుకున్నాను.

అవతల పంజాబీ ఆవిడా వాళ్ళాయనా. ఇవతల మేమిద్దరం. మాకు తలుపు ఉన్న వైపే వచ్చింది. ఇద్దరం నెట్ దగ్గరే నిలబడ్డాం, ఒకే చాప మీద కూర్చున్నట్టు. వాళ్ళు జాలిపడి మెల్లిగానే వేస్తున్నారు గానీ కాక్ మా తలల మీదుగా పోయి వెనక పడుతోంది. పడినప్పుడల్లా ఆ పిల్ల తిరిగి చూస్తోంది. నేనూ చూస్తున్నాను. ఇద్దరి మెడలూ ఒకేసారి తిరుగుతున్నాయి. ఇంకోసారి అలా తిరిగినప్పుడు కాక్ ఆ పిల్ల కణత పక్క నుంచి రివ్వున పోయింది. కంటికి అంగుళం తేడా. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

తరవాతి కాక్‌ని పంజాబీ ఆవిడ ఎత్తుగా లేపింది. అది పైకి పోతోంది. వెనక ఏ మాటా లేదు. వినపడలేదంటే ఆ చోటు ఖాళీగా ఉందని. చూడకుండా వెళ్ళాలి. ఎన్నిసార్లు చెప్పారో ఆవిడ.

వెళ్ళాను. కాక్ మీదే చూపు పెట్టి వెనక్కి వెళ్ళాను. వీపుకి బేస్‌మెంట్ చలి తగిలింది, తలుపు కిర్రుమంది. నా మెడనిండా చెమట. కాక్ దిగింది, కొట్టాను, నెట్ దాటింది. ఆ పిల్ల బ్యాటు దించేసి నా వైపు తిరగబోతోంది.

“ఉన్నా!”

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆ పిల్ల తల సగం తిరిగి ఆగిపోయింది. పంజాబీ ఆవిడ కొట్టడం మర్చిపోయి నిలబడింది. తలుపు ఇంకా కిర్రుమంటూనే ఉంది, నా వెనక ఎవరూ లేరు. అందుకే ఇంకోసారి, ఇంకా గట్టిగా అరిచాను. ఆ పిల్ల మెల్లిగా నెట్ వైపుకి తిరిగి, అమ్మమ్మ బ్యాటుని మొహం ఎత్తుకి లేపి పట్టుకుంది. నాకు దాని మొహం కనపడటం లేదు, జడ ఒక్కటే కనపడుతోంది.