పచ్చగా దిద్దిన మడి

మెదక్‌లో మా స్టూడియో బోర్డు మీద ఉన్నది నా పేరు ఒక్కటే. పెళ్ళిళ్ళలో కెమెరా నాది. నా భార్య లైటు పట్టేది, ఆల్బం పేజీలు కూర్చేది. పని అలా పంచుకున్నామని కాదు, అలా ఉండడం నాకు బాగుండేది.

ఓ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు తమ కాలేజీలు, పరిశోధన క్షేత్రాలు, చుట్టూ ఉన్న గుట్టలు, చెరువులు అన్నీ కలిపి ఫోటోల పుస్తకం వేయాలనుకున్నారు. ముందు నర్సాపూర్ దారిలోని వరి క్షేత్రం తీసి చూపించమన్నారు. నచ్చితే అన్ని క్యాంపస్‌లూ తిరిగి తీసే పని మాదే. ఆ పని మీద ఎంత ఆశ పడ్డానంటే, పోయే ముందు కొత్త చొక్కా కుట్టించుకున్నాను.

అక్కడి శాస్త్రవేత్తను పెళ్ళికూతురిని నిలబెట్టినట్టే గట్టు మీద నిలబెట్టాను. కంకి పట్టుకోమన్నాను, నవ్వమన్నాను. పాపం, నవ్వింది. నేను లెన్స్ మార్చుకునేలోపు తలకు చున్నీ చుట్టుకుని మళ్ళీ మడిలోకి దిగింది. నా భార్య రెండో కెమెరా తీసుకుని ఆవిడ వెనకాలే బురదలోకి దిగింది. లైటు ఎవరు పట్టాలని కసిరాను.

ఇంటికొచ్చాక పెళ్ళి ఫోటోల్లో మొహాలకు చేసే పనే ఆ మడికీ చేశాను. మచ్చలు తీసేశాను, పసుపెక్కిన వరుసలను పచ్చగా దిద్దాను. తన ఫోటోలను మాత్రం నా భార్య ముట్టుకోనివ్వలేదు.

"గట్లనే ఉండనియ్యి. ఎట్లున్నదో గట్లనే కనవడాలె," అన్నది.

సరే, పక్కన పెడితే నావే మెరుస్తాయిలే అని రెండు రకాలూ పంపాను.

విశ్వవిద్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. తెగులును తట్టుకున్న వరి ఏదో, తట్టుకోలేనిది ఏదో పక్కపక్కన చూపడానికే ఆ మడి వేశారట. నా ఫోటోలో అంతా ఒకటే పచ్చదనం. పసుపు వరుసల మధ్య శాస్త్రవేత్త వంగి ఉన్న ఫోటో ఎవరు తీశారో వాళ్ళనే పంపండి అన్నారు. రెండూ మా స్టూడియోవేనని దాటేయబోయాను. చివరికి మా ఆవిడేనని చెప్పాను.

ఇప్పుడు తను విశ్వవిద్యాలయం బండిలో క్యాంపస్‌లన్నీ తిరుగుతోంది. నేను ఇక్కడ పాస్‌పోర్టు ఫోటోలు తీస్తున్నాను. మేడం ఎక్కడిదాకా పోయిందని పక్క దుకాణం ఆయన రోజూ అడుగుతాడు. మేడం అట! ఒళ్ళు మండిపోతుంది.

నిన్న వాట్సాప్‌లో ఓ ఫోటో పంపింది. ఏదో కాలేజీ వెనక గుట్ట, అప్పుడే పొడుస్తున్న పొద్దు, జొన్న మడిలో పిట్టలను తోలుతున్న విద్యార్థులు. తప్పు దొరుకుతుందేమోనని పెద్దది చేసి మూలమూలా వెతికాను. దొరకలేదు. అదే నేను తీసి ఉంటే ఫ్రేము కట్టించి స్టూడియో ముందు వేలాడదీసేవాణ్ణి. బ్యాటరీలు చార్జింగ్ పెట్టుకున్నవా అని మాత్రం రాశాను.

"పెట్టుకున్న. గది గాదు, ఫోటో ఎట్లొచ్చిందో చెప్పు. ఈడ అందరు మంచిగున్నదంటున్నరు గని, నువ్వంటేనే నాకు నమ్మకం," అని రాసింది.

నేను చదివినట్టు తన ఫోన్‌లో నీలం టిక్కులు కనిపించే ఉంటాయి. నేనే ఇంకా జవాబివ్వలేదు.