కుడి చేతి అడుగులు

కొత్త చేతిపట్టీల పెట్టె విప్పగానే గుప్పుమనే రబ్బరు వాసన నన్ను ఇప్పటికీ కర్నూలు ఆసుపత్రిలోని ఒక చిన్న గదికి లాక్కుపోతుంది. మస్తానమ్మ సిస్టర్ దగ్గర నేను పని నేర్చుకున్నది అక్కడే. మాది కొత్త మందులను పరీక్షించే పని, అదే క్లినికల్ ట్రయల్స్. అంతకుముందు రోగులు చెప్పిందల్లా సిస్టర్ కాగితాల మీద రాసుకునేవారట. నేను చేరేనాటికి అడుగులు లెక్కపెట్టే పట్టీలు వచ్చాయి. మనిషి ఇంటి దగ్గర ఎన్ని అడుగులు వేసిందీ మా కంప్యూటర్‌కు చేరేది. రిటైర్మెంట్ దగ్గరపడిన వయసులో సిస్టర్ దాన్ని పట్టుబట్టి నేర్చుకున్నారు. నాకేమో అంతా వచ్చునని పొగరు.

అప్పుడు మోకాళ్ల నొప్పుల మందు పరీక్షిస్తున్నాం. కోడుమూరు నుంచి నరసింహులు అనే నేతగాడు చేరాడు. మొదటి రెండు వారాలు ఆయన నడక అంతంతమాత్రం. ఆ తర్వాత అడుగులు ఒక్కసారిగా పెరిగిపోయాయి. నేను సంబరపడిపోయాను. ఆయన ఫోన్ చేసి "నొప్పి శానా ఎక్కువైందమ్మా" అంటే, "లేదన్నా, బాగా నడుస్తాండావు, మాత్రలు మానొద్దు" అని ధైర్యం చెప్పి పెట్టేశాను.

"ఎవరితో పాపా?" అన్నారు సిస్టర్. గర్వంగా గ్రాఫ్ చూపించాను. ఆమె ముఖం మారిపోయింది.

"ఆయప్ప మగ్గం నేస్తాడు గదా. గుంతలో కూచున్నోడు ఇంత దూరం యాడికి పోతాండాడు? పట్టీ ఏ చేతికి కట్టినావు?"

"కుడి చేతికి."

సిస్టర్ బ్యాగు భుజాన వేసుకుని, "పద, బస్సుకు పోదాం" అన్నారు.

మేం వెళ్లేసరికి నరసింహులు మగ్గం గుంతలో కాళ్లు దించి నేస్తున్నాడు. కుడి చేత్తో తాడు లాగినప్పుడల్లా దారం మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతోంది, పట్టీ మీద అంకె పెరుగుతోంది. మొదట్లో నూలు లేక మగ్గం ఆగిందట. నూలు రాగానే మళ్లీ కూర్చున్నాడు. సిస్టర్ లేవమంటే, భార్య చెయ్యందిస్తే గానీ లేవలేకపోయాడు. మోకాలు బాగా వాచి ఉంది. "చెప్తినే అమ్మా" అన్నాడు నావైపు చూసి, కోపం కూడా లేకుండా. నాకు తల కొట్టేసినట్టయింది. సిస్టర్ అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేసి మాత్రలు ఆపించారు. ఆయన్ను మాతోపాటే తీసుకొచ్చి వైద్యం మొదలుపెట్టించారు.

గదికి రాగానే "ఆ అంకెలు తీసేద్దామా సిస్టర్?" అన్నాను.

"తీసేస్తే ఏం జరిగిందో ఎవురికి తెలుస్తాది? ఉండనీ, పక్కన రాయి. మిషన్ అబద్ధం చెప్పల్యా పాపా. చెయ్యి ఆడింది, లెక్కేసింది. అడగాల్సింది మనం."

కంప్యూటర్‌లో ఆ అంకెల పక్కన కారణం రాసే గడిలో, ఇవి అడుగులు కావు, మగ్గం తాడు లాగిన లెక్క అని రాశాను. నా వెనక నిలబడ్డ సిస్టర్ కదల్లేదు. "అంతేనా?" అన్నారు. రాసింది మొదటి నుంచి మళ్లీ చదివాను. చివరికి ఇంకో వాక్యం రాశాను: నొప్పి ఎక్కువైందని రోగి ఫోన్‌లో చెప్పాడు, నేను వినలేదు. అప్పుడు సిస్టర్ వెళ్లి ఇద్దరికీ టీ తెచ్చారు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. అంత పెద్దమనసు మనిషి దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం.

ఇప్పుడు కడపలో కొత్తవాళ్లకు నేనే ఈ పని నేర్పుతున్నాను. పట్టీ కట్టేముందు, ఈ చేత్తో ఏం పని చేస్తారని రోగిని అడగమంటాను. సిస్టర్ రిటైరై చాలాకాలమైంది. అయినా ఆ గడి నింపి చివరి మీట నొక్కబోయేసరికి నా వేలు ఆగిపోతుంది. ఆమె వెనక నిలబడి "అంతేనా?" అంటున్నట్టే ఉంటుంది. చాలాసార్లు, రాయాల్సిన వాక్యం ఇంకొకటి మిగిలే ఉంటుంది.