గులాబీకి కొన్న కత్తెర

ఎనభైల్లో ఓ మధ్యాహ్నం సిద్దిపేటలో బస్సెక్కాను. ఒడిలో కొత్త కత్తెర ఉంది. మా ఇంట్లో ముదిరిన గులాబీ కొమ్మలు బొటనవేలంత లావయ్యాయి. వాటి కోసమే దుకాణంలో అన్నిటికన్నా పెద్దది ఏరి కొన్నాను. పక్క సీట్లో, నడుముకు గీతకత్తి కట్టుకున్న కల్లుగీత పెద్దాయన దాన్నే చూస్తున్నాడు.

“గిది దేనికి సారూ?”

“లావు గులాబీ కొమ్మలకు.”

ఆయన జేబులోంచి పొడుగాటి వేపపుల్ల తీసి, దాని కొస నా కత్తెరలో పెట్టి నొక్కాడు. పుల్ల తెగలేదు, నలిగి పీచు పీచైంది. తర్వాత తన కత్తితో దాని మధ్యలో ఏటవాలుగా ఒక్క దెబ్బ వేశాడు. నున్నగా తెగింది.

“నలిగిన కాడికెల్లి చెట్టు కుళ్లుతది సారూ. కోసింది దానికి తెల్వొద్దు. లావు కొమ్మను సన్న రంపంతోని కొయ్యి, అటెన్క కత్తితోని నున్నగ చెయ్యి.”

“మరి ఈ కత్తెర?”

“మీసాలకు మస్తుంటది!”

చుట్టూ ఉన్నవాళ్లతో పాటు నేనూ నవ్వాను. చిన్నకోడూరు రాగానే నున్నటి ముక్క పళ్ల మధ్య పెట్టుకుని ఆయన దిగిపోయాడు. నలిగిన ముక్క నా చేతిలో పెట్టి పోయాడు. మా ఊరికి ఇంకా చాలా దూరం ఉంది. అయినా నేనూ అక్కడే దిగి, ఎదురుగా వస్తున్న సిద్దిపేట బస్సుకు చెయ్యెత్తాను.