అటెండెంట్ మంచం

నిరుడు జగ్గయ్యపేట నుంచి నందిగామలో ప్రార్థన కూటానికి స్కూటీ మీద వెళ్తుంటే, చిల్లకల్లు దగ్గర ఆటో తగిలి పడిపోయాను. మోకాలు చీరుకుపోయింది, తలకు చిన్న దెబ్బ. నందిగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుట్లు వేసి, ఏదో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, ఒక రోజు ఉండమన్నారు.

మర్నాడు బిల్లులో 'అటెండెంట్ మంచం, భోజనం' అని ఉంది. నాతో ఎవరూ రాలేదు. కౌంటరు దగ్గరకు వెళ్లి అదే అడిగాను.

"మీవారు ఉన్నారు కదండీ," అన్నాడు బిల్లు రాసే అతను. కాగితం తిప్పి చూపించాడు. భర్త అన్నచోట 'నిద్రిస్తున్నారు' అని ఉంది.

చేర్చుకునేటప్పుడు మీవారేరని అడిగితే, "ప్రభువునందు నిద్రించారు" అన్నాను. రాసుకున్న అమ్మాయికి చివరి మాటే వినబడినట్టుంది. మా సంఘంలో అలాగే అంటాం. ఆయన్ని మట్టికి అప్పగించి ఆరేళ్లయినా చావు అన్న మాట నా నోట రాలేదు. సమాధి రాతి మీద కూడా రాయనివ్వలేదు. అది పలికితే, ఆయన మళ్లీ లేస్తారన్న నా నమ్మకాన్ని నేనే కాదన్నట్టు ఉండేది.

నాకు నవ్వొచ్చింది. సంగతి చెప్పబోతుంటే, పక్కన నేల తుడుస్తున్న ఆయమ్మ తలెత్తింది.

"పొద్దున నే వచ్చేసరికి పడుకునే ఉన్నాడుగా అమ్మా ఆయన! గోడవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని. గురకైనా పెట్టట్లా. మావాడైతే వార్డంతా లేపుతాడు!"

నవ్వు ఆగిపోయింది. ఆయన అచ్చం అలాగే పడుకునేవారు.

"వేరే గదేమో," అన్నాను.

"మూడో గదేగా మీది," అంది తుడుస్తూనే.

ఏ చొక్కా వేసుకున్నారని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. వెళ్లిపోయినవారి గురించి సోదె అడగకూడదని సండేస్కూల్లో ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పినదాన్ని. పెదవులు బిగబట్టాను.

"ఆయన లేరని రాసివ్వండమ్మా, కొట్టేస్తా," అన్నాడు కౌంటరులో అతను.

పెద్ద మొత్తమేమీ కాదు, కట్టేసి వెళ్లొచ్చు. కడితే, ఆయన నా పక్కన పడుకున్నారని ఒప్పుకున్నట్టే. ఒప్పుకోవాలని ఎంత ఆశగా ఉందో తెలిసి నాకే భయం వేసింది. పెన్ను అడిగి తీసుకున్నాను.

'నా భర్త చనిపోయారు. నాతో ఎవరూ లేరు' అని రాశాను. కింద ఇంకో వరుస కలిపాను: 'ప్రభువు వచ్చిన రోజున లేస్తారు. అంతకుముందు కాదు.'

"ఆ చివరిది బిల్లుకు అక్కర్లేదండీ."

"నాకు కావాలి బాబూ, ఉండనీ."

అతను ఆ ఖర్చు కొట్టేసి, కాగితం నాకిస్తూ, నా భుజం మీదుగా వెనక కుర్చీలకేసి చూశాడు. కాసేపు అలాగే చూశాడు.

నేను వెనక్కి తిరగలేదు. పక్క తలుపులోంచి బయటికి నడిచాను.