ముప్పై ఒక్క శాతం దగ్గర ఆగిన పెళ్లి

ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి కారణం ఉంది. మా వీధిలో దీన్ని ఇప్పటికే మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. ఒక రకంలో నేను కంప్యూటర్‌ని పేల్చేశాను. రెండో రకంలో ఒక పెళ్లి చెడగొట్టాను. మూడో రకం మా బావమరిది ప్రచారంలో పెట్టినది. అందులో నేను కంప్యూటర్‌కి ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీయించాను. దిష్టి సంగతి నిజమే, దాని దగ్గరకు తర్వాత వస్తాను. అసలు జరిగినది ఈ మూడింటికంటే హీనం. పుస్తకాలు చదివి పండితులమైపోయామనుకునే నాలాంటివాళ్ళు ఇకముందు కూడా పుడతారు కాబట్టి, వాళ్ళ మేలు కోరి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా పేరు సూరిబాబు. పోర్టు రోడ్డులో లారీలు తూచే కాటా దగ్గర గుమస్తాని. నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది, చదవడం మాత్రం ఆగలేదు. మా పేట లైబ్రరీలో బీరువా తర్వాత బీరువా పూర్తి చేశాను. తేనెటీగల పెంపకం మీద ఉన్న రెండు పుస్తకాలూ చదివాను. నా దగ్గర ఒక్క తేనెటీగ కూడా లేదు. అయినా రాణి ఈగ గురించి ఎవరైనా తప్పుగా మాట్లాడితే ఊరుకోను. నాలుగో బీరువా కింది అరలో కంప్యూటర్ పుస్తకాలు దొరికాయి. అవి రెండేసిసార్లు చదివి, పాత కంప్యూటర్ ఒకటి కొని, అందులో సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు నా చేతులతో నేనే బిగించాను. ఆ వారం మా ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ దాన్ని చూపించాను. గ్యాస్ బండ తెచ్చినతనికి కూడా.

మా వన్ టౌన్‌లో కాపురమంటే పోర్టు బొగ్గుతో కాపురం. పొద్దున్న తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి నల్లటి పాదాల ముద్రలు పడతాయి. అందుకే మా వైపు ప్రతి వస్తువుకూ గుడ్డ కవరు ఉంటుంది. టీవీకి, మిక్సీకి, ఫ్రిజ్‌కి, ఆఖరికి ఇస్త్రీ పెట్టెకు కూడా. ఇవన్నీ కుట్టేది పక్క సందులోని టైలరు కరీం భాయ్. అతనికంటే ముందు వాళ్ళ నాన్న మస్తాన్ గారు కుట్టేవారట. నా కంప్యూటర్ పెట్టెకు కరీం భాయ్ మనిషికి తీసినట్టే కొలతలు తీసి మెరూన్ రంగు కవరు కుట్టాడు. లోపల అస్తరు, పక్కన గుండీలు, స్విచ్ నొక్కడానికి ముందు వైపు కాజా, వైర్లు రావడానికి వెనక చిన్న చీలిక. ఎంత చక్కగా కుదిరిందంటే, వారం తిరిగేసరికి అది కవరన్న సంగతే ఇంటిల్లిపాదీ మరచిపోయాం. కంప్యూటర్ చర్మమే మెరూన్ రంగు అనుకున్నాం.

ఒక సోమవారం పొద్దున్న ఆ కరీం భాయే పెన్ డ్రైవ్ పట్టుకుని వచ్చాడు.

"సూరిబాబు భాయ్, ఇది మా అక్క నిఖా వీడియో. పాత టేపు నుంచి ఎక్కించిపెట్టుకున్నాం. మా టీవీలో పెడితే ఈ ఫైలు నాను సదవలేనంటాది."

"ఫార్మాట్ తేడా," అన్నాను, నాడి పట్టుకున్న డాక్టర్‌లా. "మార్చాలి."

"స్టూడియోవోళ్ళు వచ్చే సోమవారం ఇస్తామన్నారు. నాకు శుక్రవారం నమాజ్ అయ్యేసరికి గావాల." అతను గొంతు తగ్గించాడు. "శనివారం అమ్మీకి కంటి ఆపరేషన్. ఒక కన్ను ఎప్పుడో పోనాది గదా, ఇప్పుడు రెండోదానికి. డాక్టరు భయం నేదంటన్నాడు. అమ్మీ మాత్రం, ఎటు తిరగబడుద్దో ఎవరికెరుక, ఉన్న సూపుతో మీ అబ్బాని ఒక్కపాలి సూసుకుంటాను అంటాది. అబ్బా నడిసేది, మాటాడేది ఇందులోనే ఉంది భాయ్. మిగతావన్నీ ఫోటోలే."

అబ్బా అంటే వాళ్ళ నాన్న, పోయిన మస్తాన్ గారు. వాళ్ళ అమ్మను మా వీధంతా బూబమ్మ అంటుంది. మా ఇంట్లో మానిటర్ పలక అంత. అందులో ఆమె కంటికి మనిషి, గోడ ఒకేలా కనిపిస్తాయి. కరీం భాయ్ ఇంట్లో టీవీ గోడంత. కాబట్టి ఆ టీవీకి అర్థమయ్యేలా ఫైలు మార్చి తీరాలి.

ఇక్కడ బుద్ధి ఉన్నవాడెవడైనా "ప్రయత్నిస్తాను" అంటాడు. నేనేమన్నానో వినండి.

"శుక్రవారం దాకా ఎందుకు? ఒక్క గంట. నా దగ్గర గ్రాఫిక్స్ కార్డుంది."

అంతటితో ఆగానా? హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ అంటే ఏమిటో పాఠం కూడా చెప్పాను. "మామూలుగా వీడియో మార్చే పని ప్రాసెసర్ ఒక్కటే చేస్తుంది భాయ్. వెయ్యిమంది భోజనాలకు ఒక్కడే ఉల్లిపాయలు తరిగినట్టు. ఈ గడిలో టిక్కు పెడితే ఆ పని గ్రాఫిక్స్ కార్డు అందుకుంటుంది. ఉల్లిపాయల దగ్గర వందమంది కూర్చున్నట్టు."

"అలాగైతే కన్నీళ్ళు కూడా ఎక్కువే వస్తాయి గదా భాయ్," అన్నాడు కరీం భాయ్ అమాయకంగా. ఆ రోజు నవ్వాను.

టిక్కు పెట్టి మొదలుపెట్టాను. అంకెలు పరిగెత్తాయి. వీడియోలో పెళ్లికొడుకు కారు దిగాడు, పూలదండల చాటు నుంచి చెయ్యి ఊపాడు, గేటు దాకా వచ్చాడు. ముప్పై ఒక్క శాతం. పని అక్కడే ఆగిపోయింది. వీడియో మార్చే ఎన్‌కోడర్ స్పందించడం లేదని తెర మీద ఒక ముక్క పడింది.

నేను కంగారుపడలేదు. చదువుకున్నవాణ్ణి కదా. కొత్త నోటుబుక్కు తీసి "ప్రయోగం ఒకటి" అని రాశాను. కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కొత్తది వేశాను. ముప్పై ఒకటి. కొత్తది తీసి పాతది వేశాను. ముప్పై ఒకటి. వీడియో నాణ్యత తగ్గించాను, సాఫ్ట్‌వేర్ మార్చాను. ముప్పై, ముప్పై ఒకటి. మంగళవారం సాయంత్రం నేను డ్యూటీకి వెళ్ళే వేళకు ఆ పెళ్లికొడుకు ఏడుసార్లు గేటు దాకా వచ్చాడు. ఒక్కసారి కూడా నా కార్డు అతన్ని లోపలికి రానివ్వలేదు. అంత పరాభవం ఏ అత్తవారింట్లోనూ ఏ అల్లుడికీ జరిగి ఉండదు.

బుధవారం మా బావమరిది సన్యాసిరావు వచ్చాడు. స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రీషియన్. పుస్తకం ముట్టడు, అదొక్కటే అతనిలో లోపం.

"ఏటి బావా, ఇంకా అవనేదా? కరీం భాయ్‌కి గంటన్నావట."

"కార్డు సాకెట్‌లో సరిగ్గా కూర్చున్నట్టు లేదురా. ఇప్పుడే విప్పి చూస్తాను."

గుండీలు విప్పి, కవరు తీసి, పెట్టెను నేల మీద అడ్డంగా పడుకోబెట్టి తెరిచాను. కార్డు తీసి, దాని బంగారు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో తోమాను. మళ్ళీ పెట్టి, పెట్టె తెరిచి ఉండగానే పది నిమిషాల ముక్క ఒకటి మార్చి చూశాను. గాలిలా సాగిపోయింది!

"సూశావా? రబ్బరు!" అన్నాను. ఆనందంలో నాకు కూడా యాస వచ్చేసింది.

పెట్టె మూసి, నిలబెట్టి, మొత్తం వీడియో మొదలుపెట్టబోయాను. మా ఆవిడ రమణమ్మ వచ్చింది. "ఏటండీ, అలా బోడిగా ఒగ్గీసారు? దుమ్ముపడిపోదా?" అంటూ కవరు తొడిగి గుండీలు పెట్టింది. ముప్పై ఒకటి.

అప్పుడు నాలోని శాస్త్రవేత్త లేచాడు. ఇందాక పనిచేసినప్పుడు ఎలా ఉంది? పడుకుని ఉంది. ఇప్పుడెలా ఉంది? నిలబడి ఉంది. కాబట్టి ఈ కార్డు పడుకుంటేనే పనిచేస్తుంది! కవరుతో సహా పెట్టెను పడుకోబెట్టాను. ఇరవై ఏడు దగ్గర ఆగింది.

"బావా, వెనక్కెల్తన్నావు," అన్నాడు సన్యాసి.

పుస్తకం తెరిచాను. ఒక వాక్యం కనిపించింది. పెట్టెకు గాలి బాగా ఆడాలి. దాని కింద పెన్సిల్‌తో గీత కూడా ఉంది. గీసింది నేనే, మొదటిసారి చదివినప్పుడు. వెంటనే కిటికీలు రెండూ బార్లా తెరిచి, టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టె వైపు తిప్పాను. మెరూన్ గుడ్డ జెండాలా రెపరెపలాడింది. చూసి తృప్తిపడ్డాను కూడా. చదువరులారా, ఈ వాక్యాన్ని రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.

కిటికీలు తెరిస్తే ఏమవుతుంది? పోర్టు లోపలికి వస్తుంది. అరగంటలో గచ్చు నల్లబడింది. "ఇది ఇల్లా, బొగ్గు యార్డా?" అని రమణమ్మ కేకలేసి, కవరు మీద పాత దుప్పటి కూడా కప్పింది. పంతొమ్మిది దగ్గర ఆగింది.

గురువారం పొద్దున్న ఆమె నన్ను అడగకుండానే కంప్యూటర్‌కి దిష్టి తీసింది. ఇరవై రెండు దాకా వెళ్ళింది. ఆ మూడు శాతం తనదేనని ఇప్పటికీ అంటుంది.

సన్యాసి ఫోన్ చేశాడు. "బావా, నా మాటిను. ఆ టిక్కు తీసీ. నెమ్మదిగా అవుద్ది, కానీ అవుద్ది గదా."

సోమవారం అయితే ఆ మాటకు నవ్వేవాణ్ణి. గురువారం నాడు, తలుపు వేసుకుని, దొంగలా టిక్కు తీశాను. వందమందిని పంపేసి ఒక్కణ్ణి ఉల్లిపాయల దగ్గర కూర్చోబెట్టాను. పన్నెండు శాతం దగ్గర ఏ ముక్కా పడకుండానే కంప్యూటర్ మొత్తం ఆరిపోయింది.

డ్యూటీకి వెళ్తుంటే కరీం భాయ్ షాపు ముందు కనిపించాడు. "ఎందాకా వచ్చింది భాయ్?"

"దాదాపు అయిపోయింది," అన్నాను.

అతను నా చెయ్యి పట్టుకుని, "అమ్మీ పెట్టెలోంచి పెళ్లినాటి దుపట్టా తీయించుకుంది భాయ్. రేపు అది కప్పుకుని కూర్చుంటాదట," అన్నాడు. ఆ సాయంత్రం కాటా దగ్గర ఒక లారీని రెండుసార్లు తూచాను. ఇప్పుడైనా నిజం చెప్పి పెన్ డ్రైవ్ స్టూడియోకి పంపుదామంటే, వాళ్ళిచ్చేది సోమవారం. ఆపరేషన్ శనివారం. పోయేది నా పరువైతే పోనీ అనుకోవచ్చు. మస్తాన్ గారిని ఆమె చూడలేకపోవడానికి నా గొప్పలే కారణమయ్యేలా ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్న పది గంటలకు బూబమ్మే వచ్చేసింది. గోడ తడుముకుంటూ వస్తుంటే రమణమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చి నా పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. సన్యాసిరావు అప్పటికే అక్కడున్నాడు, సెలవు పెట్టి మరీ, నా పతనం చూడటానికి. కిటికీలు తెరిచే ఉన్నాయి, ఫ్యాను తిరుగుతూనే ఉంది. పొద్దున్నే టిక్కు మళ్ళీ పెట్టి మొదలుపెడితే, తెర మీద పెళ్లికొడుకు ఎలాగో గేటు దాకా వచ్చి మళ్ళీ ఆగి ఉన్నాడు.

"ఎక్కడి దాకా వచ్చారు బేటా?" అంది బూబమ్మ.

అబద్ధం నోటి దాకా వచ్చింది. ఆ భుజాల మీద పాత దుపట్టా చూశాక బయటికి రాలేదు. "గేటు దాకా, బూబమ్మా. నాలుగు రోజులుగా గేటు దాకానే. నాకు చేతకావడం లేదు."

ఆమె దుపట్టా సర్దుకుంది. లేవబోయి, ఆసరా కోసం పక్కనున్న పెట్టె మీద చెయ్యి వేసింది. చటుక్కున వెనక్కి తీసుకుంది. మళ్ళీ నెమ్మదిగా అరచెయ్యి ఆనించి, బిడ్డ నుదురు చూసినట్టు చూసింది.

"అరే! దీనికి జొరం బేటా."

"పనిచేస్తుంది కదా బూబమ్మా, కొంచెం వేడి..."

"కొంచెమేటి? కాలిపోతంది! జొరమొచ్చినదానికి అస్తరేసిన కోటు తొడిగి, పైన దుప్పటి కప్పి, మళ్ళీ కిటికీ తీసి ఫ్యానెట్టావా? ఎవరు సెప్పారు నీకు?"

ఎవరూ చెప్పలేదు. నేను చదివాను.

ఆమె దుప్పటి లాగి రమణమ్మకిచ్చింది. తర్వాత, చూడకుండానే, టైలరు మస్తాన్ గారి భార్య వేళ్ళు ఒక్కొక్క గుండీ వెతుక్కుని విప్పాయి. మెరూన్ కోటు జారింది. దాని వెనక గాలి పోవడానికి పెట్టిన చిల్లులన్నీ బయటపడ్డాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళ గురించి విన్నాం. నేను చంకలో పిల్లకు ముసుగు బిగించి, ఊపిరాడటం లేదేమని నాలుగు రోజులు పుస్తకాలు తిరగేశాను.

సన్యాసిరావు వంగి ఆ చిల్లుల దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. "నీతో పాటు నానూ సూసినాను గదా బావా," అన్నాడు. "మా ప్లాంట్‌లో మోటారు మీద గోనె గుడ్డ కనిపిస్తేనే రంకెలేస్తాను. ఇది ఇంట్లోదని..."

అరగంట చల్లారనిచ్చి మొదలుపెట్టాం. ముప్పై. ముప్పై ఒకటి. గదిలో నలుగురం ఊపిరి బిగబట్టాం. ముప్పై రెండు! పెళ్లికొడుకు గేటు దాటి లోపలికి నడిచాడు. రమణమ్మ చప్పట్లు కొట్టింది. మొత్తం యాభై రెండు నిమిషాలు పట్టింది. ఒక్క గంట అన్నాను కదా. ఆ మాట పైకి అనబోయి, అందరి ముఖాలూ చూసి మింగేశాను.

నమాజ్ అయ్యాక కరీం భాయ్ ఇంట్లో అందరం కూర్చున్నాం. బూబమ్మ టీవీకి రెండడుగుల దూరంలో, దాదాపు తెరలోకి వంగి కూర్చుంది. నిఖా అయింది, భోజనాలు మొదలయ్యాయి. అప్పుడు తెల్ల లాల్చీలో, మెడలో కొలత టేపుతోనే, మస్తాన్ గారు తెర నిండా వచ్చారు. ఆయన నవ్వుతూ ఎవరినో పలకరించి, ఉన్నట్టుండి కెమెరా వైపు తిరిగారు. వీడియో లైటు కళ్ళలో పడుతోందని ఎవరో దానిమీద చున్నీ కప్పినట్టున్నారు.

"అరే, దానిమీద గుడ్డెవడు కప్పాడు? తియ్యండి ముందు! అంత ఏడి మీద గుడ్డ కప్పుతారేటి, బుద్ధుందా?"

ఇల్లంతా ఒక్కసారిగా నా వైపు తిరిగి నవ్వింది. కరీం భాయ్ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. బూబమ్మ మాత్రం నవ్వలేదు. తెర మీద చెయ్యి ఆనించి, "గొంతు అలాగే ఉంది," అంది. "ఇంకోపాలి పెట్టండి."

ఆ ముక్క ఏడుసార్లు పెట్టించుకుంది. ఏడుసార్లూ ఆయన నన్నే తిట్టారు.

కాబట్టి నేను, అనగా కాటా గుమస్తా సూరిబాబు, నాలుగో బీరువా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ యంత్రం ఆగినా, నోటుబుక్కు తెరవకముందు దానిమీద అరచెయ్యి వేసి చూస్తాను. పుస్తకంలో గీత గీసిన వాక్యాన్ని కనీసం ఒక్కసారి అర్థం చేసుకుంటాను. "ఒక్క గంట" అన్న మాట జన్మలో అనను.

ఇక కృతజ్ఞతలు. కంప్యూటర్‌కి రెండు పక్కలా దోమతెర గుడ్డతో కిటికీలు పెట్టి కొత్త కవరు కుట్టిన కరీం భాయ్‌కి. మూడు శాతం సాయం చేసిన రమణమ్మకు. ఈ కథను స్టీల్ ప్లాంట్ మూడు షిఫ్టులకూ చేరవేసిన సన్యాసిరావుకు. పుస్తకంలోని ఆ పెన్సిల్ గీతను నాచేతే, అదే రబ్బరుతో, చెరిపించిన లైబ్రేరియన్ సుగుణ గారికి. ఆపరేషన్ బాగా జరిగి, ఇప్పుడు గుమ్మంలో నుంచే మా కంప్యూటర్ మీద దుమ్ము చూపించి మందలించే బూబమ్మకు. చివరగా మస్తాన్ గారికి. నేను ఈ వీధికి రాకముందే ఆయన పోయారు, నన్ను ఎన్నడూ చూడలేదు. అయినా తిట్టవలసిన వేళకు వచ్చి తిట్టారు.