ముందే పెట్టి ఉన్న చుక్క

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. చిన్నదే. పక్కింటి నూర్జహాన్ ఎదురైనప్పుడల్లా గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియని వాళ్లకు చెప్పడమే తేలికేమో. నేను చెబుతుంటే మా మనవరాలు శ్రావణి రాస్తోంది. దానికీ ఇది ఇప్పుడే తెలుస్తుంది.

మాది నరసరావుపేట. మా ఆయన మాచర్ల నుంచి నాపరాళ్ల లారీ తోలేవాడు, నేను పిల్లల్నీ గేదెనూ చూసుకునేదాన్ని. నాకూ కంప్యూటర్‌కూ ఏం సంబంధం? ఆ సంబంధం శ్రావణి తెచ్చింది. కాలేజీలో ఉండగా ఒక గుంపులో చేరింది. కంప్యూటర్ నడవడానికి కావలసిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఊరికే తయారుచేసి, ఊరికే పంచేవాళ్లట. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్‌ను అప్పుడు కొత్తగా రాశారు. అందులో తెలుగు మాటలన్నీ మా శ్రావణివే. కంచంలో అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నెల రోజులు కూర్చుంది.

ఎప్పుడూ కంప్యూటర్ ముట్టని మనిషితో పరీక్ష చేయించాలని గుంపులో అనుకున్నారు. నాకంటే తగిన మనిషి ఎక్కడ దొరుకుతుంది? ఖాళీ కంప్యూటర్ ఒకటి తెచ్చి నన్ను దాని ముందు కూర్చోబెట్టింది.

"నేను సాయం చేయకూడదు నానమ్మా, అది రూలు. బయట మెట్ల మీద కూర్చుంటా. తెలియంది వస్తే తెలియలేదని చెప్పు. అదే నీ పని," అంది.

రెండు తెరలు దాటాను. మూడోదాంట్లో 'ఎంచుకున్న నిల్వ పరికరంలోని సమస్త దత్తాంశం తొలగించబడును' అని ఉంది. రెండుసార్లు చదివాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కింద మూడు దారులు ఉన్నాయి. మొదటిదాని పక్కన ముందే చుక్క పెట్టి ఉంది. తెలిసినవాళ్లు పెట్టిన చుక్క కదా, మంచిదే అయి ఉంటుందని 'తర్వాత' నొక్కాను.

అంతా అయ్యాక శ్రావణి లోపలికొచ్చింది. "ఎక్కడన్నా ఆగావా?"

"ఆగేదేందే, మంచినీళ్లు తాగినట్టుంది."

దాని ముఖం వెలిగిపోయింది. మా నానమ్మ ఎక్కడా ఆగలేదని గుంపుకు రాసింది. ఆ చుక్క ఉంచాలా తీసేయాలా అని వాదించుకుంటున్నవాళ్లు, అది చదివి ఉంచేశారు.

నూర్జహాన్ జాకెట్ల మీద కుట్టే పూల డిజైన్లు గీసి, తన పాత కంప్యూటర్‌లో దాచుకునేది. అది నెమ్మదించిందని శ్రావణి దగ్గర పెన్‌డ్రైవ్ తీసుకుని, కొత్త సిస్టమ్ తనే ఎక్కించుకుంది. నేనే చేయగలిగినప్పుడు తనెందుకు చేయలేననుకుంది. చుక్క ఉన్నచోట 'తర్వాత' నొక్కింది. ఆ చుక్క ఉన్నది, లోపల దాచినవన్నీ చెరిపేసే దారి. తొమ్మిదేళ్లుగా గీసినవన్నీ పోయాయి. నా కంప్యూటర్ ఖాళీది, అందులో పోవడానికి ఏమీ లేదు.

మర్నాడు గోడ అవతల నిలబడింది. "నువ్వు చేస్తే ఏం కాలా గదా పిన్నీ. నేనే ఏదో తప్పు నొక్కి ఉంటా. మెకానిక్ గదా మా ఆయన, అననే అన్నాడు, నీ వేళ్లకన్నా నా స్పానర్లు నయమని." నవ్వబోయి ఏడ్చింది.

"పోన్లే అమ్మాయ్, మళ్లీ గీసుకుందువులే," అన్నాను.

అంతే. నేనూ ఆ మూడో తెర దగ్గరే ఆగానని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? మనవరాలి రాతను చిన్నబుచ్చకూడదనే దాచానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఐదో తరగతి చదివానని వీధంతా చాటుకున్నదాన్ని, ఒక్క తెలుగు వాక్యం అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడ్డానేమో. రెండూ నిజమే. మొదటి అబద్ధం ప్రేమతో ఆడాననుకుందాం. మరి గోడ దగ్గర ఊరుకున్నది? దానికి నాకు ఏ సాకూ దొరకలేదు.

ఇప్పుడు ఆ గుంపు మళ్లీ కొత్త ఇన్‌స్టాలర్ రాసిందట. "ఈసారీ నువ్వే కూర్చోవాలి నానమ్మా, నువ్వు మా లక్కీ మనిషివి," అని నిన్న శ్రావణి అంది. ఆ మాట తట్టుకోలేకపోయాను.

ఇక్కడికి వచ్చేసరికి, రాస్తున్న శ్రావణి వేళ్లు ఆగిపోయాయి. నా వైపు చూడలేదు.

"రాయవే. ఆపితే నాకు మళ్లీ ధైర్యం రాదు."

రాసింది. నేను లేచి నూర్జహాన్ ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాను. కుట్టుమిషన్ ఆపింది. దారం వేలికి చుట్టుకుంది.

"ఆరేళ్లు పిన్నీ. మళ్లీ ఆ కంప్యూటర్‌ను ముట్టుకోవాలంటేనే భయమేసింది నాకు," అంది.

పోనీలే అనలేదు. కూర్చోమనీ అనలేదు. నేను వెనక్కి తిరిగాక మాత్రం పిలిచింది. "ఆ కొత్తదాని ముందు ఈసారి నేను కూర్చుంటా. నాకు మొహమాటం లేదు, తెలియకపోతే తెలియలేదంటా. నువ్వు రామాక."

తిరిగొచ్చి మిగతాది చెబుతున్నాను. నేను వెళ్లను. ఆదివారం నూర్జహాన్ వస్తుంది, శ్రావణి చూసుకుంటుంది. నా వంతుగా గుంపుకు పంపాల్సింది ఇంకొకటి మిగిలింది. రాయి శ్రావణీ, నీ మాటల్లో వద్దు, నేను చెప్పినట్టే రాయి: మూడో తెర దగ్గర ఆగాను. నాకేమీ అర్థం కాలేదు. అర్థమైందని అబద్ధం చెప్పాను.